కణుజుల చెరువు ఇటాస్కా ఎలా అయ్యింది?



ఈ పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఈసారి మందుల గురించో, మార్కెట్ ధరల గురించో కాదు, ఒక చెరువు గురించి. అది మన చెరువు కూడా కాదు. అమెరికాలో ఉత్తరాన, కెనడాను ఆనుకుని మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. అందులో ఇటాస్కా అని ఒక చిన్న చెరువు. మనవాళ్ల పిల్లలు చాలామంది మిన్నియాపోలిస్ వైపు ఉద్యోగాలు చేస్తున్నారు కదా, సెలవులకి అక్కడికి వెళ్లి, నీళ్లలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగి పంపిస్తుంటారు. "మిసిసిపీ నది పుట్టినచోటు" అని కింద రాస్తారు. మనం లైకు కొట్టి వదిలేస్తాం. ఆ పేరు వెనక ఒక పెద్ద కథ ఉంది. నీళ్లకి పేరు పెట్టేది ఎవరు, ఆ నీళ్లతో బతికేది ఎవరు అన్న సంగతి అందులో ఉంది. రైతులకి పనికొచ్చే సంగతే.

ముందు చెరువు గురించి చెప్తా. విస్తీర్ణం సుమారు 1,100 ఎకరాలు. మన పాకాల, కంభం చెరువులు చూసినవాళ్ల కంటికి ఇది ఆనదు. ఎక్కువ చోట్ల లోతు 20 నుంచి 35 అడుగులు. సముద్ర మట్టానికి 1,475 అడుగుల ఎత్తులో ఉంటుంది. మన చెరువుల్లాగా ఎవరో రాజు గట్టు పోయించి కట్టించింది కాదు. వేల ఏళ్ల కిందట ఆ ఉత్తర దేశమంతా మంచు కింద ఉండేది. ఆ మంచు కరిగి వెనక్కి పోతూ మట్టి దిబ్బలు, రాళ్ల కుప్పలు, గుంటలు వదిలిపోయింది. గుంటల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. అలాంటివి మిన్నెసోటాలో పదకొండు వేలకు పైనే ఉన్నాయి. వాటిలో ఇటాస్కా ఒకటి.

దానికి మూడు పాయలు. తూర్పు పాయ, పడమటి పాయ వచ్చి ఒకచోట కలుస్తాయి. అక్కడే ఒక చిన్న ద్వీపం ఉంటుంది. అక్కణ్ణుంచి ఉత్తరం పాయ సాగి, దాని కొసన అలుగు పారినట్టు నీళ్లు బయటకి పోతాయి. ఆ పోయే నీళ్లే మిసిసిపీ. అక్కడ దాని వెడల్పు 20 అడుగులు ఉంటే గొప్ప. లోతు మోకాళ్ల దాకా. చిన్నపిల్లలు కూడా దాటేస్తారు. అదే నది దక్షిణాన మెక్సికో సింధుశాఖలో కలిసేటప్పటికి ఓడలు తిరిగే నది. పుట్టినచోట నాటిన కొయ్య స్తంభం మీద పొడవు 2,552 మైళ్లు అని చెక్కి ఉంటుంది. కొలిచే పద్ధతిని బట్టి అంకె మారుతుంది, 2,350 మైళ్లు అని లెక్క చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒక చుక్క నీరు ఇక్కడ బయల్దేరి సముద్రం చేరడానికి సుమారు 90 రోజులు పడుతుందని చెప్తారు. అంటే మనం స్వల్పకాలిక పెసర వేసి కోసుకునే కాలం కంటే కూడా ఎక్కువే.

ఇంకో విచిత్రం ఏంటంటే, దక్షిణానికి పోవాల్సిన ఈ నది బయల్దేరడం ఉత్తరానికి బయల్దేరుతుంది. బెమిడ్జి అనే చెరువు దాకా పైకి వెళ్లి, తూర్పుకి తిరిగి, ఇంకొన్ని చెరువుల్లోంచి దూరి, అప్పుడు దక్షిణానికి మళ్లుతుంది. బెమిడ్జి అనే మాట ఆ ప్రాంతం మూలవాసులైన ఒజిబ్వే ప్రజల భాషలోది. నది అడ్డంగా దాటిపోయే చెరువు అని దాని అర్థం. నిజంగానే నది ఆ చెరువులో ఒక పక్క దూరి ఇంకో పక్క బయటపడుతుంది. పేరు వింటే చాలు నీటి దారి తెలిసిపోతుంది. మనకి మర్రికుంట, ఊరచెరువు, తుమ్మలచెరువు లాంటి పేర్లు ఎలా వచ్చాయో వాళ్లకీ అలాగే వచ్చాయి.

ఇటాస్కాకి కూడా అలాంటి పేరు ముందే ఉంది. ఒజిబ్వే భాషలో ఓమష్కూజో జాగఇగన్. ఓమష్కూస్ అంటే ఎల్క్ అనే పెద్ద కొమ్ముల జింక. మన అడవుల్లో కణుజు ఉంటుంది చూడండి, ఆ లెక్కది. జాగఇగన్ అంటే చెరువు. మన మాటల్లో కణుజుల చెరువు అనుకోవచ్చు. బొచ్చుతోళ్ల వ్యాపారానికి వచ్చిన ఫ్రెంచివాళ్లు అదే అర్థంతో తమ భాషలో "లాక్ లా బీష్" అన్నారు. అంటే ఈ చెరువు ఎక్కడుందో, దాన్ని ఏమని పిలవాలో అక్కడివాళ్లకి, అక్కడ తిరిగే వ్యాపారులకి ఎప్పటినుంచో తెలుసు.

మరి దీన్ని "కనుక్కోవడం" ఏంటి?

దానికి కారణం సరిహద్దు తగాదా. 1783లో అమెరికాకి స్వాతంత్ర్యం ఇస్తూ బ్రిటన్ పారిస్‌లో ఒప్పందం చేసుకుంది. సరిహద్దు రాసేటప్పుడు "లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే చెరువు వాయవ్య మూల నుంచి నేరుగా పడమటికి మిసిసిపీ నది దాకా" అని రాసుకున్నారు. మిసిసిపీ అంత ఉత్తరానికి రాదు. దాని పుట్టుక ఆ చెరువుకి చాలా దక్షిణాన ఉంది. పడమటికి ఎంత దూరం పోయినా ఆ గీత నదికి తగలదు. తప్పుడు పటం ముందు పెట్టుకుని, నేల చూడకుండా, ఎక్కడో కూర్చుని రాసిన దస్తావేజు అది. హద్దురాయి లేని పొలానికి రిజిస్ట్రేషన్ చేసినట్టన్నమాట. తర్వాత 1818లో 49వ అక్షాంశ రేఖను సరిహద్దుగా ఒప్పుకుని సర్దుకున్నారు. అయినా ఆ పాత రాతకోతల వల్ల మిన్నెసోటాలో ఒక ముక్క ఇప్పటికీ మిగతా రాష్ట్రంతో నేల మీద కలవకుండా, చెరువుకి అవతల కెనడాని అంటుకుని ఉంది.

ఈ గొడవ వల్ల మిసిసిపీ ఎక్కడ పుట్టిందో తేల్చాలని పట్టుదల వచ్చింది. 1798లో డేవిడ్ థాంప్సన్ అనే సర్వేయరు వచ్చి టర్టిల్ లేక్ అన్నాడు. 1806లో సైన్యం నుంచి జెబ్యులాన్ పైక్ వచ్చి లీచ్ లేక్ అన్నాడు. 1820లో మిషిగన్ ప్రాంత గవర్నరు లూయిస్ కాస్ వచ్చి ఇంకో చెరువు దగ్గర ఆగిపోయాడు. దానికి కాస్ లేక్ అని ఆయన పేరే నిలిచింది. 1823లో ఇటలీ నుంచి బెల్ట్రామీ అనే ఆయన వచ్చి, ఒక చెరువు చూసి, తను అభిమానించిన ఒక దొరసాని పేరు మీద లేక్ జూలియా అని పిలిచి, ఇదే మూలం అన్నాడు. ప్రతివాడూ తను ఆగినచోటే నది పుట్టిందన్నాడు. విలియం మోరిసన్ అనే తోళ్ల వ్యాపారి మాత్రం 1800ల మొదట్లోనే ఎల్క్ చెరువు చూసి వచ్చాడు. ఆయనకి కావాల్సింది తోళ్లు కాబట్టి దండోరా వెయ్యలేదు.

చివరికి 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ వచ్చాడు. సూ సెంట్ మేరీ అనే ఊళ్లో మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఉద్యోగి ఆయన. 1820లో కాస్ వెంట వచ్చినవాళ్లలో ఈయన కూడా ఉన్నాడు. ప్రభుత్వం పంపింది మూలం వెతకడానికి కాదు. ఒజిబ్వే, డకోటా ప్రజల మధ్య తగాదాలు తగ్గించడం, మశూచికి టీకాలు వేయించడం పని. వెంట వచ్చిన డాక్టర్ డగ్లస్ హౌటన్ రెండు వేల మందికి పైగా టీకాలు వేశాడు. అది మాత్రం నిజంగా మంచి పని. మూలం వెతకాలన్నది స్కూల్‌క్రాఫ్ట్ సొంత కోరిక.

దారి తెలిసినవాడు కాస్ లేక్ దగ్గరి ఒజిబ్వే నాయకుడు ఒజావిండిబ్. ఆ పేరుకి పసుపుపచ్చ తల అని అర్థం. నది వెంబడే పోతే దూరం, కష్టం అని ఆయన వాళ్లని ఇంకో చిన్న పాయ వెంట తీసుకెళ్లాడు. ఆ తర్వాత భూర్జపత్ర చెట్టు బెరడుతో చేసిన పడవలు భుజాన వేసుకుని దాదాపు ఆరు మైళ్లు అడవిలో నడిచారు. 1832 జూలై 13న తూర్పు పాయ ఒడ్డుకి చేరారు. ద్వీపం మీదకి వెళ్లి జెండా పాతారు. ఆ ద్వీపానికి స్కూల్‌క్రాఫ్ట్ పేరు వచ్చింది. కొన్ని గంటలే ఉన్నారు, అదే రోజు అలుగు దగ్గర నదిలోకి దిగి వెనక్కి బయల్దేరారు.

ఒక్కసారి ఆలోచించండి. దారి చూపించినాయనకి ఆ చెరువు ముందే తెలుసు. తెలియకపోతే దారెలా చూపిస్తాడు? కానీ కనుక్కున్నవాడుగా పుస్తకాలకెక్కింది కొన్ని గంటలు ఉండి వెళ్లినాయన.

ఇప్పుడు పేరు సంగతి. స్కూల్‌క్రాఫ్ట్‌కి ఎల్క్ అనే పేరు ఆనలేదు. అంత పెద్ద నదికి మూలమైన చెరువుకి పెద్ద పేరు ఉండాలనుకున్నాడు. జట్టులో విలియం బౌట్‌వెల్ అనే పాస్టరు ఉన్నాడు. నిజమైన మూలం అనే అర్థం వచ్చేలా లాటిన్‌లో ఏమంటారు అని ఆయన్ని అడిగాడు. బౌట్‌వెల్‌కి అప్పటికి గుర్తొచ్చినవి రెండు మాటలు. వెరిటాస్ అంటే సత్యం, కాపుట్ అంటే తల. వ్యాకరణం ప్రకారం ఆ రెండూ పక్కపక్కన అతకవు కూడా. స్కూల్‌క్రాఫ్ట్ ఆ రెండూ కలిపి, ముందున్న "వెర్" కోసేసి, వెనకున్న "పుట్" కోసేసి, మధ్యలో మిగిలింది తీసుకున్నాడు. వెర్-ఇటాస్-కా-పుట్. ఇటాస్కా! చెరుకు గడకి మోదు, చివర నరికి నడిమి ముక్క తీసినట్టు.

తమాషా ఏంటంటే అలా మిగిలిన ముక్క లాటిన్‌లా వినపడదు. అచ్చం మూలవాసుల మాటలా ఉంటుంది. జనం కూడా అలాగే అనుకున్నారు. తర్వాత స్కూల్‌క్రాఫ్టే ఆ మాటకి ఒజిబ్వే మూలాలు ఉన్నట్టు ఇంకో వివరణ రాశాడు. ఇటాస్కా అనే ఒజిబ్వే కన్య కన్నీళ్లలోంచి నది పుట్టిందని ఒక కథ 1850లలో అచ్చులోకి కూడా వచ్చేసింది. లాటిన్ సంగతి బౌట్‌వెల్ రాసినదాని వల్ల నిలబడింది. లేకపోతే ఈపాటికి ఆ కన్నీళ్ల కథే స్థలపురాణం అయిపోయేది.

ఆయనకి ఇది అలవాటే. మిషిగన్ రాష్ట్రంలో అల్పీనా, ఆల్కోనా, అయాస్కో, టస్కోలా లాంటి జిల్లా పేర్లు ఆయన అల్లినవే. మూలవాసుల మాటల ముక్కలు, లాటిన్ ముక్కలు, అరబిక్ ముక్కలు కలిపి కుట్టిన పేర్లు. ఆయనకి భాష తెలియక చేశాడా అంటే అదీ కాదు. ఆయన భార్య జేన్ తల్లి వైపు నుంచి ఒజిబ్వే. ఇంగ్లిషులోను, ఒజిబ్వేలోను కవిత్వం రాసిన మనిషి. ఆయన పుస్తకాల్లో రాసిన ఒజిబ్వే కథల్లో చాలావరకు ఆమె కుటుంబం నుంచి వచ్చినవే. ఆ జట్టులో దుబాసీగా వచ్చిన జార్జి జాన్‌స్టన్ ఆమె సొంత తోబుట్టువు. పక్కనే భాష తెలిసినవాడు ఉన్నాడు, దారి చూపిన పెద్దమనిషి ఉన్నాడు, చెరువుకి పేరు ఉంది. అయినా కొత్త పేరు కావాల్సి వచ్చింది. ఎందుకంటే పాత పేరు ఉంచితే కొత్తగా కనుక్కున్నట్టు ఉండదు కదండీ.

కథ అక్కడితో ఆగలేదు. 1836లో జోసెఫ్ నికొలే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి ఓపికగా కొలతలు తీసి, ఈ చెరువులోకి కూడా పైనుంచి వాగులు వచ్చి పడుతున్నాయని పటం గీశాడు. మరి అసలు మూలం ఇంకా పైనుందా? ఈ సందు చూసుకుని 1881లో విల్లార్డ్ గ్లేజియర్ అనే మాజీ సైనికుడు వచ్చాడు. ఇటాస్కాకి దక్షిణంగా ఆనుకుని ఒక చిన్న చెరువు ఉంది. అదే అసలైన మూలం, దాని పేరు లేక్ గ్లేజియర్ అని ప్రకటించి పుస్తకం వేశాడు. ఈయనకి కూడా దారి చూపింది ఒక ఒజిబ్వే మనిషే. తర్వాత చూస్తే ఆ పుస్తకంలో స్కూల్‌క్రాఫ్ట్ రాసిన పాత పుస్తకం నుంచి ఎత్తేసిన ముక్కలు బయటపడ్డాయి. పెద్ద రభస అయ్యింది. ఆ పేరు చెల్లలేదు.

ఆ చిన్న చెరువుని ఇప్పుడు ఏమంటారో తెలుసా? ఎల్క్ లేక్! అంటే పెద్ద చెరువు దగ్గర లాక్కున్న పేరు పక్కనున్న చిన్నదానికి దక్కింది. ఈలోగా వేట వల్ల ఆ చుట్టుపక్కల ఎల్క్ జింకలే లేకుండా పోయాయి. 20వ శతాబ్దం మొదట్లో బయటి నుంచి తెచ్చి అక్కడ పెంచాల్సి వచ్చింది.

గ్లేజియర్ గొడవ తేల్చడానికి జేకబ్ బ్రోవర్ అనే ఆయన 1889లో సర్వేకి దిగాడు. ఆ అడవుల్లో తిరిగి తిరిగి, పైనున్న వాగులు, కుంటలు, ఊటలు అన్నీ కొలిచి, ఫలానా కుంటే మూలం అని చెప్పలేం, ఈ పల్లం మొత్తం ఒక నీటి తొట్టి, అందులోంచి నదిగా బయటపడేది ఇటాస్కా దగ్గర అని తేల్చాడు. మనం చెప్పినా అదే చెప్తాం కదా. చేలోకి వచ్చే నీళ్లు ఏ గట్టు ఊటవి అంటే ఎవరు చెప్పగలరు? ఇంకో మాట. పొడవైన పాయ ఏదో అదే అసలు నది అనుకుంటే మిసూరీ నది వెంట పోవాలి, మూలం ఎక్కడో మోంటానా కొండల్లో తేలుతుంది. అక్కడి ఊట గురించి కూడా 1896లో పుస్తకం రాసింది ఈ బ్రోవరే. ఆ ఊటకి ఆయన పేరే ఉంది. కాబట్టి మూలం అనేది మనుషులు కూర్చుని తీర్మానించుకున్న మాట. నీళ్లకి ఆ పట్టింపు లేదు.

బ్రోవర్ పట్టుబట్టి 1891లో అక్కడ రాష్ట్ర పార్కు ఏర్పాటు చేయించాడు. ఒక్క ఓటు తేడాతో చట్టం గట్టెక్కింది. 1903లో మేరీ గిబ్స్ అనే 24 ఏళ్ల అమ్మాయి ఆ పార్కుకి అధికారి అయ్యింది. దుంగలు తేల్చుకుపోవడానికి కలప వ్యాపారులు అలుగు దగ్గర అడ్డుకట్ట వేసి నీళ్లు నిలిపితే, ఒడ్డున చెట్లు మునిగిపోతున్నాయి, తలుపులు ఎత్తండి అని నిలబడింది. తుపాకీ చూపించి బెదిరించినా వెనక్కి తగ్గలేదు. ఈ రోజు ఫొటోల్లో కనపడే ఆ రాళ్ల వరస కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1930లలో బురద పూడ్చి, కాలువ సరిచేసి, కాంక్రీటు కట్టు వేసి, మీద రాళ్లు పేర్చారు. పేరులాగే మూలం కూడా చేత్తో చేసిందేనన్నమాట.

ఇంతవరకు చదివినవాళ్లు, పేరు మారితే ఏమైందండీ, నీళ్లు అవే కదా అనొచ్చు. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది.

ఒజిబ్వే వాళ్ల తిండి నీళ్ల మీద పండేది. మనూమిన్ అంటారు. ఇంగ్లిషులో వైల్డ్ రైస్. మన వరి కాదు గానీ ఆ గడ్డి కుటుంబమే. లోతు తక్కువ ఉన్న చెరువుల్లో దానంతట అది మొలుస్తుంది. పడవలో ఇద్దరు వెళ్తారు. ఒకరు పడవ తోస్తే ఇంకొకరు రెండు కర్రలతో కంకులు వంచి గింజలు పడవలోకి రాలుస్తారు. కొన్ని నీళ్లలో పడతాయి, అవే వచ్చే ఏటికి విత్తనం. ఆ పంటకి నీటిమట్టం ముఖ్యం. మొక్క పైకి లేచే సమయంలో నీళ్లు పెరిగాయా, వేళ్లతో సహా తేలిపోతుంది. తిండి నీళ్ల మీద మొలిచేచోట ఆగమని పెద్దలు చెబితే వచ్చి ఇక్కడ నిలిచామని వాళ్లు చెప్పుకుంటారు.

1855 ఒప్పందంతో ఆ ప్రాంతం చాలావరకు వాళ్ల చేతుల్లోంచి పోయింది. కొన్ని చెరువుల చుట్టూ ముక్కలు మాత్రం మిగిలాయి. 1880లలో ప్రభుత్వం ఆ మిగిలిన చెరువుల మీదే, లీచ్ లేక్ దగ్గర, విన్నిబిగోషిష్ దగ్గర ఆనకట్టలు కట్టింది. కింద పడవలు తిరగడానికి, మిన్నియాపోలిస్ పిండిమిల్లులకి వేసవిలో నీళ్లు కావాలి కాబట్టి. 1884కల్లా కట్టడం అయిపోయింది. నీళ్లు పెరిగి మనూమిన్ మళ్లు, ఊళ్లు, గడ్డి భూములు, సమాధులు మునిగాయి. మూలం ఏది, దానికి ఎవరి పేరు పెట్టాలి అని పెద్దమనుషులు పుస్తకాల్లో కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే. 1881లో గ్లేజియర్ పడవలో వెళ్తుంటే, ఆ కింది చెరువుల దగ్గర ఆనకట్టల పని మొదలవుతోంది.

పేరు ఒక్కటే నీళ్లు లాక్కుందని నేను అనను. కానీ చెరువుని "మూలం" అని పిలిచేవాడి చూపు కిందికి, నది పోయే వైపుకి ఉంటుంది. అదే చెరువుని కణుజుల చెరువు అని పిలిచేవాడి చూపు ఆ ఒడ్డునే ఉంటుంది, అక్కడ ఏ జంతువు నీళ్లు తాగుతుంది, ఏది పండుతుంది అని. మొదటి పేరు పటంలోకి ఎక్కితే రెండోవాడి మాట కాగితాల్లో ఉండదు. కాగితంలో లేనివాడికి నష్టపరిహారం లెక్క కూడా సరిగ్గా ఉండదు. ఈ సంగతి మనకి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

పేర్లు తిరిగి రావని మాత్రం అనుకోకండి. అదే మిన్నియాపోలిస్ నగరం మధ్యలో లేక్ కాల్హూన్ అని ఒక చెరువు ఉండేది. బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన ఒక రాజకీయ నాయకుడి పేరు అది. దానికి డకోటా వాళ్ల పాత పేరు బదే మకా స్కా. తెల్లమట్టి చెరువు అని అర్థం. ఆ పేరే మళ్లీ కావాలని జనం ఏళ్ల తరబడి అడిగితే 2018లో రాష్ట్ర అధికారులు మార్చారు. కోర్టులో సవాలు చేశారు. 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మార్పుకి అధికారం ఉందని తేల్చింది. ఇప్పుడు బోర్డుల మీద ఆ పేరే.

ఇటాస్కా పేరు మారుతుందో లేదో గానీ, ఓమష్కూజో జాగఇగన్ అనే మాట ఒజిబ్వే నోళ్లలో బతికే ఉంది. ఈసారి మీ పిల్లలు ఆ రాళ్ల మీద ఫొటో పంపిస్తే ఆ పేరు కూడా చెప్పండి. దారి చూపించిన ఒజావిండిబ్ పేరు చెప్పండి.

మన సంగతికొస్తే, ఊరి వాళ్లు పిలిచే పేరు ఒకటి, సర్వే నంబరు పక్కన రాసే పేరు ఒకటి ఉన్న కుంటలు, వాగులు మన దగ్గర బోలెడు. కొన్నింటికి కాగితంలో అసలు పేరే లేదు. పేరు లేని కుంటని పూడ్చడం చాలా తేలిక. మీ ఊళ్లో అలాంటివి ఉంటే ఆ పేరు, అది ఎలా వచ్చిందో పెద్దవాళ్లని అడిగి కింద రాయండి. ఇంట్లో ముసలివాళ్లు ఉండగానే అడగండి. ఉంటానండి.